గంగ దగ్గరికి పో

రూతు ఏమైందని ఇప్పుడు అడుగుతున్నారా? సిగ్గు లేదూ!

మీ కళ్ళముందు తిరుగుతున్నన్నాళ్ళూ ఒక్కళ్ళైనా అడిగారా? అత్త అడగలేదు. మొగుడు అడగలేదు. తెనాలి డాక్టరు సూది పొడిచాడు గాని అడగలేదు. బాపట్ల బ్రదరు గొలుసు వేశాడు గాని అడగలేదు. ఊరూరా ఆస్పత్రులని ఓట్లు దండుకున్న పెద్దమనుషులు అసలే అడగలేదు. ఇవాళ రేవులో చెప్పులు దొరికేసరికి ఊరంతా గుండెలు బాదుకుంటోంది. బాదుకోండి. ఆ చెప్పుల్ని అక్కడిదాకా నడిపించింది మీరే.

1988 జనవరి. రేపల్లె పక్కన పెనుమూడి రేవు. ఉదయం ఆరున్నర.

కృష్ణ మీద మంచు ఇంకా విడలేదు. మొదటి పడవకు వచ్చిన జనం పడవ ఎక్కకుండా గుంపు కట్టి నిలబడ్డారు. ఒడ్డున పై మెట్టు మీద ఒక జత ఆడవాళ్ళ చెప్పులు. పక్కపక్కనే, గుమ్మం ముందు విడిచినట్టు పొందిగ్గా ఉన్నాయి.

రేపల్లె ఎస్.ఐ. కృపారావు వంగి చూశాడు. ఎడమ చెప్పుకు ఎర్ర దారంతో కుట్టు.

"మా ఆవిడవే సార్," అన్నాడు మార్కు. తెనాలిలో గుమాస్తా. రోజూ రేపల్లె నుంచి రైల్లో పోయి వస్తాడు.

"ఆఖరున ఎప్పుడు చూశారు?"

"నిన్న పొద్దున్నండి. నేను డ్యూటీకి వెళ్ళేటప్పుడు."

"గొడవేమైనా జరిగిందా?"

"అబ్బే, లేదండి. తనకి కాస్త మనసు బాగుండదు."

"ఎప్పట్నుంచి?"

"పాప పోయినప్పట్నుంచి. పుట్టిన ఎనిమిదో రోజునే పోయిందండి. అప్పట్నుంచి నిద్ర లేదు, తిండి లేదు. గోడకేసి చూస్తా కూర్చుంటది."

ఇంతలో జనాన్ని తోసుకుంటూ మార్కు తల్లి సారా వచ్చింది. వస్తూనే కొంగు నడుముకు బిగించింది.

"నన్నడగండి బాబూ, వాణ్ణేం అడుగుతారు? ఆ సోదెమ్మ, ఆ రత్తాలు! నా కోడల్ని ఏట్లో దూకమని అదే చెప్పింది. నా చెవులారా విన్నా!"

కృపారావు నిటారుగా లేచాడు. "మీరెక్కడున్నారు అప్పుడు?"

"చేపల బజారు వెనక దాని పాక ఉందిగా. నిన్న మధ్యాహ్నం నా కోడలు నా కళ్ళు గప్పి అక్కడికి పోయింది. నేను వెనకాలే పోయా. లోపలికి పోలేదు బాబూ! మేం లూథరన్ వాళ్ళం, సోది చెప్పేవాళ్ళ గడప తొక్కుతామా? దడి అవతలే నిలబడ్డా."

"ఏం విన్నారు? మీ మాటల్లో వద్దు. అది అన్న మాట అన్నట్టు చెప్పండి."

సారా కళ్ళు మూసుకుని, బైబిలు వాక్యం అప్పజెప్పినట్టు చెప్పింది. "'గంగ దగ్గరికి పో తల్లీ. గంగ నిన్ను కడుపులో పెట్టుకుని దాచుకుంటది. అక్కడికి నీ జోలికి ఎవరూ రారు.' ఇదీ బాబూ అది అన్నది!"

జనంలో ఒక్కసారి కలకలం రేగింది.

"వెంటనే కోడల్ని ఇంటికి తీసుకుపోలేదా?"

సారా తడబడింది. "ముందు పాస్టరు గారికి చెబుదామని పరిగెత్తా. తిరిగొచ్చేసరికి లేదు."

తొమ్మిదింటికల్లా రత్తాలు స్టేషన్‌లో ఉంది.

యాభై ఏళ్ళ మనిషి. పొద్దున చేపల గంప, మంగళవారం శుక్రవారం సోది. చేతులు ఇంకా చేప నీచు వాసన కొడుతున్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. బెదిరిస్తే బెదరలేదు.

"ఆ అమ్మాయిని చావమన్నావా?"

"గంగమ్మ తల్లి మీద ఒట్టు. అనలేదు."

"గంగ దగ్గరికి పొమ్మన్నావా?"

"అన్నా."

కానిస్టేబుల్ చిన్నయ్య కిసుక్కున నవ్వాడు. "ఇంకేం సార్, ఒప్పుకున్నట్టేగా!"

"నువ్వుండవయ్యా." కృపారావు రత్తాలు వైపు తిరిగాడు. "అంటే ఏంటి అర్థం?"

రత్తాలు పెదవులు బిగించింది.

"నిన్నేగా అడిగేది!"

"చేట ముందు కూర్చున్న మనిషి మాట నేను బయట పెట్టను బాబూ. మా అమ్మా పెట్టలేదు, వాళ్ళమ్మా పెట్టలేదు."

"అంత రహస్యం కాపాడ్డానికి నువ్వేమైనా డాక్టరువా?"

"డాక్టరుంటే నా పాక కాడికి ఎందుకొస్తారయ్యా జనం?"

కృపారావు గొంతు కాస్త తగ్గించాడు. "బియ్యంలో ఏం కనిపిస్తుంది నీకు?"

"బియ్యం."

ఈసారి చిన్నయ్య పగలబడి నవ్వాడు. రత్తాలు వాడికేసి జాలిగా చూసింది.

"నవ్వు నాయనా, నవ్వు. ఎదటి మనిషి మొహం చూస్తే లోపలి మాట లోపలే మింగేస్తారు. అందుకని నేను చేటలో బియ్యం కెలుకుతా కూర్చుంటా. వాళ్ళూ బియ్యం వంకే చూస్తారు. అప్పుడు వస్తది లోపలున్నది. ఆ పిల్ల నా దగ్గరికి నాలుగుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లు ఒక్క మాట లేదు. మూడోసారి ఏడిచింది. 'ఏడుపు ఆపు' అనని చోటు ఆ పిల్లకి ఈ ఊళ్ళో నా పాక ఒక్కటే."

"ఇప్పుడు ఎక్కడుంది?"

రత్తాలు తల అడ్డంగా ఊపింది.

"జైలుకి పోతావు రత్తాలూ."

"పోతా. నలభై ఏళ్ళుగా నెత్తిన గంప. కాస్త దించుకున్నట్టుంటది."

ఫోన్ మోగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వీరరాఘవయ్య. "ఏంటయ్యా ఇంకా? సాక్షి ఉంది, చెప్పులున్నాయి. ఆత్మహత్యకు ప్రేరేపించిందని కేసు కట్టు. రేపు పొద్దున కోర్టు తెరిచేసరికి రిమాండ్‌కి పంపాలి. చర్చి పెద్దలు నన్ను పీక్కు తింటున్నారు."

"శవం దొరకలేదు సార్."

"అదే తేలుద్ది. సోదెమ్మని పట్టుకుని నువ్వు సోది వింటా కూర్చోకు!"

కృపారావు రిసీవర్ పెట్టేశాడు. రేపు పొద్దున. ఈలోగా నిజం దొరక్కపోతే ఈ మనిషి జైల్లో పడుతుంది. ఒక్క మాట చెబితే చాలు, బయటపడుతుంది. అయినా చెప్పదు. మనిషి ఎప్పుడు ఇలా మొండికేస్తుంది? తనను కాపాడుకోడానికి కాదు. మరి ఎవరిని?

మళ్ళీ రేవుకు వెళ్ళాడు. ఈతగాళ్ళు నీళ్ళన్నీ గాలించి ఒడ్డున వణుకుతూ బీడీలు కాలుస్తున్నారు. ఏమీ దొరకలేదు.

పడవ సరంగు తాతయ్య తాడు చుడుతున్నాడు.

"నిన్న సాయంత్రం పడవలో ఈమె ఎక్కిందా?" కృపారావు ఫోటో చూపించాడు.

"నిన్న నా వంతు కాదండి. చీకటి పడేవేళ పడవ కిటకిటలాడుద్ది. చలికి అందరూ ముసుగులే. మొహాలెవరు చూస్తారు?"

"సరే. ఈ గంగలో మునిగితే శవం ఎక్కడ తేలుతుంది?"

తాతయ్య తాడు కింద పడేశాడు. "గంగ ఏంటండి, గంగ? ఇంట్లో పనిపిల్లని పిలిచినట్టు! గంగమ్మ అనండి, గంగమ్మ తల్లి అనండి. ఖాకీ బట్టలేసుకున్నారు కాబట్టి ఊరుకున్నా. మా పిల్లలెవరైనా ఆ మాట అంటే దవడ పగులుద్ది."

"తప్పేలే తాతయ్యా," అన్నాడు కృపారావు. లూథరన్ బోర్డింగ్‌లో పెరిగినవాడు. అతనికి నది అంటే నదే.

అక్కణ్నుంచి జీపు తెనాలి వెళ్ళింది. పదకొండున్నరకు నర్సింగ్ హోమ్‌లో డాక్టరు ఎదుట కూర్చున్నాడు.

"ఏం జబ్బండి రూతుకి?"

"నర్వస్ వీక్‌నెస్. నిద్రమాత్రలు రాశాను. బలానికి ఇంజక్షన్లు."

"ఆవిడ మీకేం చెప్పింది?"

"ఎవరు?"

"మీ పేషెంటు."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అన్నీ భర్తే చెప్పాడుగా. బయట చూశారా ఎంతమంది ఉన్నారో? ఒక్కొక్కళ్ళ గోడు వింటా కూర్చుంటే తెల్లారుద్ది."

"మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి పంపలేకపోయారా?"

"ఎవరున్నారండి ఇక్కడ? తెనాలిలో లేడు, రేపల్లెలో లేడు, బాపట్లలో లేడు. గుంటూరు పొమ్మంటే పిచ్చిదని పేరు పడుద్దని వాళ్ళే పోరు. నన్నేం చెయ్యమంటారు?"

అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పాడు. కృపారావు లేచాడు. రెండింటికి బాపట్లలో ఉన్నాడు.

సూర్యలంక వెళ్ళే దారిలో, సరుగుడు తోపు మధ్య పొడుగాటి తాటాకు పాక. 'స్వస్థత కుటీరం' అని బోర్డు. లోపల గుంజకొక మనిషి. ఆరుగురు. అందరి కాళ్ళకూ గొలుసులు. ఒకామె చేత్తో ఇసుక తోడి గుంటలు చేస్తోంది, మళ్ళీ పూడుస్తోంది.

కుటీరం నడిపే బ్రదర్ లూకా ఇస్త్రీ మడత చెదరని తెల్ల లాల్చీలో ఎదురొచ్చాడు.

"రూతు ఇక్కడుండేదా?"

"దీపావళి తర్వాత నెల్లాళ్ళు ఉందండి. మొండి దయ్యం. పూర్తిగా వదల్లేదు. మళ్ళీ తెమ్మన్నాను. ఈ ఆదివారం తెస్తామని వాళ్ళత్తగారు మాటిచ్చింది."

"ఈ సంగతి రూతుకి తెలుసా?"

"తెలిసే ఉంటది."

"ఇక్కడున్నప్పుడు ఏమనేది?"

"ఎవరు, దయ్యమా?"

"రూతు."

"దయ్యం పట్టినవాళ్ళ మాట మేం వినం సార్. వింటే మనకీ అంటుకుంటది."

కృపారావు ఒక అడుగు ముందుకు వేశాడు. "యేసు అయితే వినేవాడు గదయ్యా?"

లూకా మొహం ఎర్రబడింది. "యేసు ఏంటండి, ఊళ్ళో స్నేహితుణ్ణి పిలిచినట్టు! ప్రభువు అనండి. మీరూ సంఘంలో పెరిగినవాళ్ళేగా. బొత్తిగా పేరు పెట్టి పిలిచేస్తారా?"

"ఆ తాళంచెవులు ఇలా ఇవ్వు."

లూకా నవ్వాడు. "బాపట్ల మీ స్టేషన్ హద్దు కాదు గదా సార్."

నిజమే. కాదు. కృపారావు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి తనది కానట్టు అనిపించింది.

జీపు రేపల్లె దారి పట్టింది. నగరం ఊరు దాటాక కృపారావు ఉన్నట్టుండి నవ్వాడు.

"ఏంటి సార్?" అన్నాడు చిన్నయ్య.

"ఒకే రోజు ఇద్దరు నన్ను ఒకే తప్పుకి తిట్టారయ్యా. పొద్దున తాతయ్య, ఇప్పుడు..."

నవ్వు సగంలో ఆగిపోయింది.

"చిన్నయ్యా! రత్తాలుకి తోడబుట్టినవాళ్ళు ఉన్నారా?"

"ఒక చెల్లెలుంది సార్. ఏటి అవతల, దివిసీమలో ఇచ్చారు."

"పేరు?"

చిన్నయ్య చెప్పబోయి నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"జీపు రేవుకి పోనీ," అన్నాడు కృపారావు. "ఆఖరి పడవ అందుకోవాలి."

మర్నాడు ఉదయం తొమ్మిది. రేపల్లె స్టేషన్.

బెంచీ మీద మార్కు, సారా. పక్కన పిలిపిస్తే వచ్చిన లూకా. గోడవార రత్తాలు. కుర్చీలో సి.ఐ. వీరరాఘవయ్య వేళ్ళతో బల్ల మీద దరువేస్తున్నాడు.

"రిమాండ్ రిపోర్టు ఏదయ్యా?"

"రాయలేదు సార్. రాయను."

దరువు ఆగింది.

"సారమ్మ గారూ, నిన్న మీరు చెప్పిన మాట మళ్ళీ ఒకసారి చెప్పండి. అక్షరం మారకూడదు."

"ఎన్నిసార్లు చెప్పాలి బాబూ? 'గంగ దగ్గరికి పో తల్లీ. గంగ నిన్ను కడుపులో పెట్టుకుని దాచుకుంటది.'"

"గంగా? గంగమ్మా?"

"గంగ. నా చెవులకేం చెవుడా? గంగ అనే అంది."

"అంతే సార్," కృపారావు సి.ఐ. వైపు తిరిగాడు. "ఆవిడ అబద్ధం ఆడలేదు. విన్నది విన్నట్టే చెప్పింది. అందుకే కేసు తేలింది. రత్తాలు చేపలు పట్టే పల్లెకారుల ఆడది. వాళ్ళలో నీటిని ఉత్తి గంగ అని ఎవరూ అనరు. గంగమ్మ అంటారు, గంగమ్మ తల్లి అంటారు. అలా అననందుకు నిన్న పడవ సరంగు నా మీద విరుచుకుపడ్డాడు. ఇదే రత్తాలు ఈ స్టేషన్‌లో నా ముందు ఒట్టు పెడుతూ ఏమంది? గంగమ్మ తల్లి మీద ఒట్టు అంది. మరుక్షణం నేను 'గంగ దగ్గరికి పొమ్మన్నావా' అంటే, 'అన్నా' అంది. ఒకే నోట ఒకసారి తల్లి, ఒకసారి ఉత్తి గంగ. ఎందుకు? ఇద్దరూ వేరు కాబట్టి. అమ్మా అనకుండా, గారూ అనకుండా మనం ఎవర్ని పిలుస్తాం సార్? మనకంటే చిన్నవాళ్ళని. ఇంట్లోవాళ్ళని. రత్తాలు చెల్లెలి పేరు గంగరత్నం."

మార్కు చప్పున తలెత్తాడు. కృపారావు ఆగలేదు.

"మా సారమ్మ గారు గంగమ్మ పేరు నోట పలికే మనిషి కాదు. నేనూ కాదు. మా ఇద్దరి చెవులకీ గంగ అంటే ఏరే. ఆ మాటలో తగ్గిన 'అమ్మ' మాకు వినపడలేదు. చావమన్నదనుకున్నాం. ఆవిడ బతకమంది."

మార్కు బెంచీ మీంచి లేచాడు. "అంటే రూతు... ఉందా సార్? ఎక్కడ?"

"చెప్పను."

"ఏంటీ?" వీరరాఘవయ్య గర్జించాడు.

"చెప్పను సార్. ఆవిడకి ఇరవై ఆరేళ్ళు. ఎక్కడుండాలో ఆవిడ ఇష్టం. చెబితే ఈ ఆదివారానికి మళ్ళీ గుంజకి కట్టేస్తారు. రత్తాలు జైలుకైనా సిద్ధపడి నోరు విప్పనిది అందుకే. నేను నిన్న రూతుతో ఒక్క మాటే చెప్పి వచ్చాను. 'నీకోసం ఒకామె లాకప్‌లో ఉందమ్మా. వస్తావో రావో నీ ఇష్టం' అన్నాను. వస్తుందో రాదో నాకు తెలీదు. రాకపోతే నా ఉద్యోగం తీసుకోండి. రత్తాల్ని మాత్రం నేను కోర్టుకి పంపను."

"నీకు మతిపోయిందా కృపారావ్?"

"అయితే నన్నూ కుటీరానికి పంపండి సార్. బ్రదరు గారు ఇక్కడే ఉన్నారు."

సి.ఐ. లేచి నిలబడ్డాడు. అప్పుడే వరండాలో అడుగుల చప్పుడైంది. ముందు ఒక పొడుగాటి ఆడమనిషి, గంగరత్నం. ఆమె చెయ్యి పట్టుకుని రూతు.

కాళ్ళకు చెప్పుల్లేవు. చీలమండల మీద గొలుసు ఒరుసుకున్న మచ్చలు నల్లగా కనిపిస్తున్నాయి.

రత్తాలు తల కొట్టుకుంది. "ఎందుకొచ్చావే పిచ్చిదానా! రావద్దనేగా నేను నోరు కుట్టుకుని కూర్చుంది!"

"నువ్వు జైలుకి పోతుంటే అక్కడ కూర్చుని అన్నం తినమంటావా రత్తాలత్తా?"

సారా లేచి వచ్చింది. "ఎంత పని చేశావే! చచ్చావనుకున్నామే తల్లీ!"

"అనుకోవాలనే చెప్పులు వదిలాను అత్తమ్మా. చచ్చిందనుకుంటే గొలుసు పట్టుకుని వెతకరు గదా."

సారా నిలబడ్డచోటే ఆగిపోయింది.

రూతు మార్కు వైపు తిరిగింది. "ఏవండీ, మన పాప పేరు ఏంటి?"

"బాప్తిస్మం కాకుండానే పోయింది గదా. పేరెక్కడ పెట్టాం?"

"నేను పెట్టుకున్నాను. దీవెన. ఎనిమిది రోజులూ ఆ పేరుతోనే పాలిచ్చాను. ఉయ్యాల అటకెక్కించి, ఇంక ఆ మాట ఎత్తద్దన్నారు. ఎత్తితే ఏడుస్తానని భయం. ఏడిస్తే దయ్యమన్నారు. రత్తాలత్త ఒక్కతే అడిగింది, 'పిల్లని ఏమని పిలిచావమ్మా' అని."

మార్కు మొహం చేతుల్లో దాచుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఎవరూ ఆపమనలేదు.

లూకా గొంతు సవరించుకున్నాడు. "ఇది దయ్యం మాటల మాయ. చూశారా సార్, ఎంత ధాటిగా..."

"నోరుముయ్యి," అంది రూతు.

అంతే. పెద్దగా అరవలేదు. లూకా నిజంగానే నోరు మూశాడు.

"ఎస్.ఐ. గారూ, కేసు రాయండి. నన్ను నెల్లాళ్ళు గొలుసుతో కట్టేశాడని నేను చెబుతున్నాను. మా ఇంటివాళ్ళు అప్పజెప్పారని కూడా రాయండి. నాకు పిచ్చని కొట్టెయ్యకండి. బుద్ధి ఉండే చెబుతున్నాను."

"రాస్తానమ్మా," అన్నాడు కృపారావు. ఆ తర్వాత, అలవాటైన నోరు కాబట్టి, "కానీ బాపట్ల నా స్టేషన్ హద్దు కాదు. అక్కడివాళ్ళకి పంపి..."

"నిన్న నా కోసం ఏరు దాటి వచ్చారుగా? అవతల ఒడ్డు అసలు మన జిల్లాయే కాదు. అప్పుడు అడ్డం రాని హద్దు ఇప్పుడెక్కణ్నుంచి వచ్చింది?"

కృపారావు తల వంచుకుని కాగితం ముందుకు లాక్కున్నాడు. వీరరాఘవయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

రూతు బల్ల దగ్గరికి వచ్చి, రెండు చేతులూ దాని మీద ఆనించి సి.ఐ. ఎదుట నిలబడింది.

"మీరూ వినండి సార్. రత్తాలత్తకి దేవత పలుకుతుందో లేదో నాకు తెలీదు. నాకు కావాల్సింది దేవత కాదు, బియ్యం కాదు. కూర్చోబెట్టి వినే మనిషి. రేపల్లె ఆస్పత్రిలో ఒక గది ఇప్పించండి. మనసు జబ్బు తెలిసిన డాక్టర్ని వెయ్యండి. తెనాలిలో వెయ్యండి, బాపట్లలో వెయ్యండి. వేసినరోజున ఈవిడ పాకకి మేమే పోము. వెయ్యనన్నాళ్ళూ ఈవిడ మీద చెయ్యి పడనివ్వం. కలెక్టరు దాకా పోవాలంటే పోతాను. పిచ్చిదంటారు, అననీ. కానీ అదంతా తర్వాత. సరుగుడు తోపులో ఇంకా గొలుసులతో మనుషులున్నారు. పొద్దెక్కుతోంది. ఆ గుంజల దగ్గరికి ఎండ వస్తుంది."

లూకా వైపు చెయ్యి చాచింది.

"తాళంచెవులు ఇటివ్వు. చిన్నయ్య గారూ, జీపు తియ్యండి."